లింకన్ పెరిగిన అడవిలో రెండు రాత్రులు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దక్షిణ ఇండియానాలోని లింకన్ స్టేట్ పార్క్ గురించే. స్పెన్సర్ కౌంటీలో 58 ఎకరాల చిన్న సరస్సు, దాని చుట్టూ అడవి, అడవిలో క్యాంప్ సైట్లు. రోడ్డుకు అవతల అబ్రహాం లింకన్ ఏడో ఏట నుంచి ఇరవై ఒకటో ఏట దాకా పెరిగిన పొలం ఉంది. ఆ పొలం వైపు నేషనల్ పార్క్ సర్వీస్ చూసుకుంటుంది, సరస్సు వైపు ఇండియానా రాష్ట్రం చూసుకుంటుంది. నేను ఎవాన్స్‌విల్‌లో ప్రసూతి వార్డు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మా పిల్లలు, తర్వాత వాళ్ల పిల్లలు తెడ్డు పట్టడం ఈ సరస్సులోనే నేర్చుకున్నారు. ఈ చోటు గురించి ఎవరడిగినా నాకు జవాబు పొడుగైపోతుంది. ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: ఆంటీ, మేం ఇండియానాపోలిస్‌లో ఉంటాం. జూన్‌లో మా అత్తగారు, మామగారు ఇండియా నుంచి వస్తున్నారు. శనివారమంతా పిల్లల్ని (పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఆరు నిండి ఏడు నడుస్తోంది) శాంటా క్లాజ్ ఊళ్లో ఉన్న హాలిడే వరల్డ్‌కి తీసుకెళ్లి, రాత్రికి ఈ పార్క్‌లో టెంట్ వేసుకుని, ఆదివారం పొద్దున్నే లింకన్ పొలం చూసి బయల్దేరదామని ప్లాన్. ఒక్క రాత్రి చాలా? పెద్దవాళ్లు టెంట్‌లో ఉండగలరా?

చాలదమ్మా. రోజంతా రైడ్లు ఎక్కి, ఎండలో మాడి, చీకటి పడ్డాక టెంట్ వేసుకుంటే పిల్లలు పక్క మీద పడగానే నిద్రపోతారు. పొద్దున లేచేసరికి సామాను సర్దుకునే హడావిడి. ఇక సరస్సు ఎక్కడ, అడవి ఎక్కడ? శుక్రవారం సాయంత్రమే చేరుకోండి. శనివారం పూర్తిగా పార్క్‌కీ పొలానికీ ఇవ్వండి. రైడ్లు ఆదివారం పెట్టుకోండి. పిల్లలు గొడవ చేస్తారు, చేయనివ్వండి.

గడియారం సంగతి ముందే తెలుసుకోండి. ఇండియానాలో ఎక్కువ భాగం ఈస్టర్న్ టైమ్, స్పెన్సర్ కౌంటీ మాత్రం సెంట్రల్. వెళ్లేటప్పుడు మీకు ఒక గంట కలిసొస్తుంది, తిరిగొచ్చేటప్పుడు ఒక గంట పోతుంది. ఉత్తరాన ఆనుకునే ఉన్న జాస్పర్ ఈస్టర్న్‌లో ఉంటుంది. ఆ చుట్టుపక్కల తిరుగుతుంటే ఫోన్‌లో టైమ్ దానంతటదే మారిపోతూ ఉంటుంది. సోమవారం పొద్దున మీటింగ్ ఉన్నవాళ్లకి టెన్షన్ ఇక్కడే.

అత్తగారినీ మామగారినీ నేల మీద పడుకోబెట్టకండి. పార్క్‌లో అద్దెకిచ్చే క్యాబిన్లున్నాయి. వాళ్లకి ఒకటి తీసుకుని, మీరూ పిల్లలూ టెంట్ వేసుకోండి. అయితే అవి త్వరగా అయిపోతాయి. రిజర్వేషన్ ఆరు నెలల ముందు నుంచే తెరుస్తారు కాబట్టి జూన్ వారాంతాలకి డిసెంబర్‌లోనే మేలుకోవాలి. క్యాబిన్ దొరక్కపోతే ఎలక్ట్రిక్ సైట్ తీసుకోండి, ఫ్యాన్ పెట్టుకోవచ్చు. పెద్దవాళ్లకి మడతమంచాలు వేసి, బాత్రూమ్ భవనానికి దగ్గరగా ఉన్న సైట్ ఎంచుకోండి. రాత్రి రెండింటికి చీకట్లో, తెలియని చోట, చెట్ల వేళ్లు దాటుకుంటూ నడవాల్సిన పని వాళ్లకి పెట్టకూడదు.

ఇక శనివారం. ఎండ ఎక్కకముందే పొలానికి వెళ్లండి. అక్కడి లివింగ్ హిస్టారికల్ ఫార్మ్ 1968లో ఏర్పాటైంది. 1820ల నాటి సేద్యం ఎలా ఉండేదో సీజన్‌లో ఆనాటి బట్టలు కట్టుకున్న రేంజర్లు చేసి చూపిస్తారు. అక్కడున్న దుంగల ఇల్లు లింకన్ వాళ్లది కాదు. వాళ్ల ఇల్లు ఉండిన చోటు పక్కనే ఉంది, అడుగు దుంగలనూ పొయ్యినీ కంచులో పోతపోసి గుర్తుగా పెట్టారు. చాలామంది ఫొటో తీసుకుని కదిలిపోతారు. మీరు మాత్రం పిల్లల్ని ఆ కంచు దుంగల చుట్టూ నడిపించి, ఆ ఇల్లు ఎంత చిన్నదో వాళ్ల అడుగులతోనే కొలిపించండి.

మీ బాబు వయసు విన్నాక ఇది చెప్పక తప్పదు. లింకన్ కుటుంబం కెంటకీ నుంచి ఒహాయో నది దాటి ఇక్కడికొచ్చింది 1816లో. ఇండియానా రాష్ట్రమైంది ఆ ఏడాది డిసెంబర్ 11నే. అప్పటికి అబ్రహాంకి ఏడేళ్లు. వచ్చీ రాగానే చేతికి గొడ్డలిచ్చారని, ఇరవైమూడో ఏడు వచ్చేదాకా దాదాపు అది చేతిలోనే ఉందని ఆయనే తర్వాత రాసుకున్నారు. ఎనిమిదో ఏడు రాకముందు, తండ్రి ఇంట్లో లేనప్పుడు, దుంగల సందులోంచి తుపాకీ పేల్చి ఒక అడవి టర్కీ కోడిని కొట్టారట. ఆ తర్వాత అంతకంటే పెద్ద జంతువు మీద ఎప్పుడూ తుపాకీ ఎక్కుపెట్టలేదని కూడా రాశారు. రేంజర్ గొడ్డలి పనో కంచె పనో చేస్తుంటే అక్కడ మీ బాబుని నిలబెట్టి ఈ మాట చెప్పండి. పాప సంగతి తర్వాతి ప్రశ్నలో వస్తుంది.

ప్రశ్న: నమస్తే ఆంటీ. లింకన్ తల్లి పాలు తాగి చనిపోయిందని స్కూల్లో చెప్పారట. మా అమ్మాయి అది విని వారం రోజులుగా పాలు ముట్టడం లేదు. ఇదేమిటి? ఆ మొక్క ఇప్పటికీ ఆ అడవిలో ఉందా? పిల్లలతో క్యాంపింగ్‌కి వెళ్తే ప్రమాదమా? (లూయివిల్ నుంచి ఒక తల్లి)

మొక్క ఉంది. మీ అమ్మాయి నిశ్చింతగా పాలు తాగొచ్చు.

దాని పేరు వైట్ స్నేక్‌రూట్. చెట్ల నీడలో, అడవి అంచుల్లో పెరుగుతుంది. వేసవి చివరి నుంచి శరదృతువు దాకా చిన్న చిన్న తెల్లపూలు గుత్తులుగా పూస్తుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. ఎండలకి గడ్డి తగ్గిపోయినప్పుడు, కంచెల్లేని ఆ కాలంలో ఆవులు మేత వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లేవి. ఈ మొక్క తిన్న ఆవులకి వణుకు పుట్టేది. మొక్కలోని విషం, ట్రెమెటాల్ అంటారు, పాలలోకీ వెన్నలోకీ దిగేది. ఆ పాలు తాగిన మనుషులకి నీరసం, ఆగని వాంతులు, మలబద్ధకం, ఊపిరిలో ఒక వింత వాసన, ఆఖరికి స్పృహ తప్పడం. కారణం ఎవరికీ తెలియదు. దాన్ని మిల్క్ సిక్‌నెస్ అన్నారు. ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్లున్నారు.

1818 శరదృతువులో లింకన్ వాళ్లు ఉండిన లిటిల్ పిజియన్ క్రీక్ దగ్గర అదే జరిగింది. ముందు లింకన్ తల్లి నాన్సీ బంధువులు, స్పారో దంపతులు పోయారు. ఆ తర్వాత అక్టోబర్ 5న నాన్సీ పోయింది. అప్పటికి ఆమెకి ముప్పై అయిదేళ్లయినా దాటలేదు. అబ్రహాంకి తొమ్మిదేళ్లు, అక్క సారాకి పదకొండు. తండ్రి థామస్ వడ్రంగి. ఆయనే పలకలు కోసి పెట్టె చేశారని, దానికి చెక్క మేకులు ఆ తొమ్మిదేళ్ల పిల్లాడు చెక్కాడని చెబుతారు. పన్నెండేళ్ల లోపు పిల్లకి వంట, ఇల్లు, తమ్ముడు. అలా ఏడాదికి పైగా నెట్టుకొచ్చాక 1819 డిసెంబర్‌లో థామస్ కెంటకీ వెళ్లి సారా బుష్ జాన్స్టన్‌ని పెళ్లి చేసుకుని వచ్చారు. ఆమె తన ముగ్గురు పిల్లలతో వచ్చి ఈ ఇద్దరినీ సొంతబిడ్డల్లాగే చూసుకుంది. మారుటి తల్లి అనగానే మనవాళ్లకి ఒక చెడ్డ బొమ్మ కళ్లముందుకొస్తుంది కదా, పిల్లలకి ఈమె గురించి తప్పకుండా చెప్పండి.

ఈ కాలం పాల విషయానికొస్తే, పశువుల్ని కంచె వేసిన పచ్చికలో మేపుతారు, లేదా దాణా వేస్తారు. ఒక ఆవు ఏదో తిన్నా, వందల ఆవుల పాలు కలిశాక దాని ప్రభావం మిగలదు. మొక్కని ముట్టుకుంటే ఏమీ కాదు, తినకూడదు, అంతే. కుక్కని తీసుకెళ్తే మొక్కలు నమలనివ్వకండి. మొక్క కనబడితే అమ్మాయికి చూపించండి. కారణం తెలిసిన భయం త్వరగా తగ్గుతుంది. నా నర్సు ఉద్యోగంలో తల్లుల దగ్గరా అదే చూశాను.

నాన్సీ సమాధి పొలం వైపే ఉన్న నేషనల్ మెమోరియల్‌లో, చెట్ల మధ్య కొంచెం ఎత్తున ఉంది. చాలా ఏళ్లు దానికి సరైన రాయే లేదు. ఇప్పుడున్న తెల్లరాయిని 1879లో పీటర్ స్టూడ్‌బేకర్ వేయించారు. బళ్లు తయారుచేసే ఇండియానా కుటుంబం ఆయనది.

ప్రశ్న: ఆంటీ, మేం పర్‌డ్యూలో చదువుకుంటున్నాం. అయిదుగురం ఫ్రెండ్స్ వస్తున్నాం. మా అపార్ట్‌మెంట్ వెనక కొట్టేసిన చెట్టు కట్టెలు బోలెడున్నాయి, కారులో వేసుకొస్తే డబ్బులు మిగులుతాయి కదా?

వద్దు బాబూ. కట్టెల బెరడు కింద పురుగులు ప్రయాణం చేస్తాయి. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పురుగు 2002లో మిషిగన్‌లో బయటపడింది, 2004కల్లా ఇండియానాకి వచ్చేసింది. యాష్ చెట్లని అడవులకి అడవులే చంపేసింది. అది తనంతట తాను ఎగిరిన దూరం కొంచెమే. మిగతాదంతా మనుషులు బళ్లలో కట్టెలు తీసుకెళ్లడం వల్లే. అందుకే రాష్ట్ర పార్కుల్లో బయటి కట్టెల మీద ఆంక్షలున్నాయి. పార్క్‌లోనే కొనుక్కోండి, లేదా ప్రభుత్వ ముద్ర ఉన్న, వేడిచేసి ఆరబెట్టిన కట్టెల మూట తెచ్చుకోండి. అడవిలో పడి ఉన్న కొమ్మలు కూడా ఏరకండి, ఆ కుళ్లుతున్న కొమ్మల్లో బతికే ప్రాణులుంటాయి.

స్పీకర్లు ఇంట్లో పెట్టి రండి. ఈ సరస్సు మీద మాట దూరం పోతుంది. అవతలి గట్టున ఎవరో పసిపిల్లని నిద్రపుచ్చుతూ ఉంటారు.

ప్రశ్న: అక్కా, అక్కడ పిడుదులు (టిక్స్) విపరీతమని విన్నాం. దానివల్ల మాంసం పడకుండా పోయిందట మా కొలీగ్‌కి. నిజమేనా? పిల్లల్ని తీసుకెళ్లాలంటే భయంగా ఉంది.

నిజమే తమ్ముడూ. దక్షిణ ఇండియానాలో లోన్ స్టార్ టిక్ ఎక్కువ. ఆడదాని వీపు మీద ఒక తెల్లచుక్క ఉంటుంది. అది కుట్టాక కొందరిలో ఆల్ఫా గాల్ అనే చక్కెర పదార్థానికి అలర్జీ పుడుతుంది. మేక, గొడ్డు, పంది మాంసం తిన్న కొన్ని గంటల తర్వాత దద్దుర్లు, కడుపునొప్పి, ఒక్కోసారి ప్రాణం మీదికి వచ్చే రియాక్షన్. కోడి, చేపతో ఆ ఇబ్బంది ఉండదు. లైమ్ జబ్బుని మోసేది వేరే రకం, జింక టిక్. అదీ ఈ రాష్ట్రంలో ఉంది.

భయపడి ఇంట్లో కూర్చోవద్దు. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి. బట్టలకీ బూట్లకీ పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ముందురోజే కొట్టి ఆరబెట్టండి. అది ఒంటికి రాసేది కాదు. ఒంటికి డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న, పురుగులు దరిచేరనివ్వని మందు వాడండి. బాట మధ్యలో నడవండి, గడ్డిలో కూర్చోవద్దు. సాయంత్రం స్నానం చేయించేటప్పుడు చంకలు, మోకాళ్ల వెనక, చెవుల వెనక, జుట్టు కుదుళ్లు చూడండి. పట్టుకుని ఉంటే సన్న మొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా తిన్నగా లాగాలి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు, వార్డులో అలా చేసి వచ్చినవాళ్లని చూశాను. తర్వాత కొన్ని వారాల్లో జ్వరమో, చర్మం మీద ఎర్రగా పరుచుకునే మచ్చో వస్తే డాక్టర్‌కి టిక్ సంగతి చెప్పండి.

ప్రశ్న: మేడమ్ గారూ, గత సంచికలో మీరు ఈ పార్క్ గురించి రాసిన నాలుగు వాక్యాలు చదివాను. అడవి నరికి పొలం చేసుకున్నవాళ్ల కష్టం బాగానే చెప్పారు. అంతకుముందు ఆ నేల ఎవరిది? పిల్లలకి ఒక పక్కే చెప్పడం సరికాదేమో. (రిటైర్డ్ లెక్చరర్, సిన్సినాటి)

మీరు అడిగింది సరైన ప్రశ్న. అక్కడ నాలుగు వాక్యాల్లో ఇమడలేదు.

ఈ ప్రాంతాన్ని 1804లో విన్సెన్స్ ఒప్పందాల ద్వారా డెలావేర్, పియాంకషా ఆదివాసీ తెగల నుంచి అమెరికా ప్రభుత్వం తీసుకుంది. అప్పటి గవర్నర్ విలియం హెన్రీ హారిసన్ ఆ పని నడిపించారు. పదమూడేళ్ల తర్వాత థామస్ లింకన్ ఎకరం రెండు డాలర్ల లెక్కన కొనుక్కున్నది ఆ నేలలోదే. ఆయన కెంటకీ వదలడానికి ముఖ్య కారణం అక్కడి భూముల పత్రాల తగాదాలు. బానిసత్వం కూడా కొంత కారణమని కొడుకు రాశారు. పత్రం సరిగా లేక తన పొలం పోగొట్టుకున్న మనిషి, ఒప్పందం కాగితంతో చేతులు మారిన నేల మీదికి వచ్చాడు. థామస్ చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు, 1786లో, ఆయన తండ్రి ఒక ఆదివాసీ దాడిలో చనిపోయారు. ఆ ఇంట్లో ఆ కథ ఎలా చెప్పుకుని ఉంటారో ఊహించుకోవచ్చు. ఉత్తర ఇండియానాలో 1838లో సుమారు 850 మంది పొటావటమీ తెగవాళ్లని సాయుధ వాలంటీర్ల దళం కాపలాతో కాన్సాస్‌కి నడిపించింది. దారిలో నలభై మందికి పైగా పోయారు, ఎక్కువమంది పిల్లలే. ఒకే రాష్ట్రంలో, ఒకే తరంలో.

నేను మా మనవలకి పాల జబ్బు కథ చెప్పేటప్పుడు ఒక మాట కలుపుతాను. దక్షిణ ఇల్లినాయిలో అన్నా బిక్స్‌బీ అనే మంత్రసాని ఈ మొక్కే కారణమని కనిపెట్టిందని, దాన్ని ఆమెకి చూపించింది షానీ తెగకి చెందిన ఒక ఆదివాసీ వృద్ధురాలని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ వృద్ధురాలి పేరు ఎవరూ రాసిపెట్టలేదు. శాస్త్రవేత్తలు ఆ విషాన్ని వేరుచేసి చూపించింది 1920లలో. నాన్సీ పోయి వందేళ్లు దాటాక.

ప్రశ్న: అమ్మా, నా వయసు 64. రెండేళ్ల కిందట మా ఆవిడ పోయింది. పిల్లలు దూరంగా ఉంటారు. అక్టోబర్‌లో ఒక్కణ్నే వెళ్లి సరస్సు పక్కన రెండు రోజులుండాలని ఉంది. ఈ వయసులో ఒంటరిగా టెంట్‌లో ఉండటం తెలివితక్కువ పనా? చేపలు పట్టడం కూడా ఎప్పటి నుంచో కోరిక.

కాదండీ. వెళ్లండి. వారం మధ్యలో వెళ్తే ఇంకా మంచిది. ఆ రోజుల్లో క్యాంప్‌గ్రౌండ్‌లో మనుషులు తక్కువ, ఉన్నవాళ్లు పలకరించేవాళ్లు.

అక్టోబర్ రాత్రులు ఒక్కోసారి 40 డిగ్రీల ఫారన్‌హీట్ కిందికి దిగుతాయి. చలి కిందనుంచి ఎక్కువ ఎక్కుతుంది. కాబట్టి రగ్గుల మీద రగ్గులు కప్పుకోవడం కంటే కింద మందపాటి ప్యాడ్ ముఖ్యం. ఎంత చలేసినా బొగ్గుల కుంపటి గానీ గ్యాస్ హీటర్ గానీ టెంట్‌లోకి తీసుకెళ్లవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. బీపీ, షుగర్ మందులు రెండు చోట్ల పెట్టుకోండి, ఒకటి మీతో, ఒకటి కారులో. తిండి కారులోనే ఉంచండి, రాకూన్‌లు జిప్పులు కూడా తీసేస్తాయి. ఉరుములు మొదలైతే టెంట్ వదిలి కారులో కూర్చోండి.

చేపలకి లైసెన్స్ కావాలి, పద్దెనిమిది నిండినవాళ్లలో దాదాపు అందరికీ. ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. సీజన్ అయ్యాక అద్దె పడవలు ఉంటాయో లేదో ముందే పార్క్ ఆఫీసుకి ఫోన్ చేయండి. గట్టు మీద నుంచి కూడా బాగానే పట్టుకోవచ్చు, మొదటిసారి అయితే బ్లూగిల్ అనే చిన్న చేప కోసం చూడండి. చిన్న గాలం, ఒక వానపాము చాలు.

నడక ఓపిక ఉంటే మిస్టర్ లింకన్స్ నైబర్‌హుడ్ వాక్ అనే బాట పట్టండి. లింకన్ పదో ఏట గుర్రం తన్ని కాసేపు చచ్చిపోయాడనుకున్న గోర్డన్ మిల్లు చోటు ఆ దారిలో వస్తుంది. లిటిల్ పిజియన్ చర్చి కూడా వస్తుంది. ఇప్పటి భవనం పాతది కాదు. మొదటి దుంగల చర్చి కట్టడంలో థామస్ లింకన్ చేయి ఉంది. ఆ చర్చి శ్మశానంలో అబ్రహాం అక్క సారా ఉంది. 1826లో పెళ్లయింది, 1828 జనవరి 20న కాన్పులో పోయింది, బిడ్డ కూడా దక్కలేదు. అప్పటికి ఆమెకి ఇరవై. సాయానికి పిలవడం ఆలస్యమైందని అప్పట్లో చెప్పుకున్నారట. తల్లి సమాధి దగ్గరికి వచ్చినంత మంది ఇక్కడికి రారు. తొమ్మిదేళ్ల తమ్ముణ్ని పదకొండేళ్ల వయసులో సాకిన పిల్ల ఆమె. నా ఉద్యోగమంతా అలాంటి గదుల్లోనే గడిచింది కాబట్టి నేను మాత్రం ఎప్పుడు వెళ్లినా ముందు అక్కడికే వెళ్తాను.

అక్కడ కూర్చోవాలనిపిస్తే కూర్చోండి, ఎవరూ తొందరపెట్టరు. మీ సైట్ నంబరు, తిరిగొచ్చే రోజు పిల్లలకి మెసేజ్ పెట్టండి. అక్కడక్కడా సిగ్నల్ సరిగా ఉండదు, కాబట్టి రాత్రి ఏడింటికి ఫోన్ చేస్తానని గట్టిగా మాటివ్వకండి. మీరు ఏడున్నరకి చేసేలోపు వాళ్లు రేంజర్ ఆఫీసుకి ఫోన్ కొట్టేస్తారు.